పన్నెండు కొడితే ఎవరు రావాలి?

మా కుటుంబంలో ముగ్గురం ఒక జట్టు. ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. 1999లో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తెచ్చిన ఆటే, ఇప్పుడు 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్‌గా నడుస్తోంది. ఎక్కువగా అరేబియా మ్యాపు మీద, ముగ్గురికి ముగ్గురు ఆడతాం. ప్రతి జట్టులోనూ ఇద్దరు రెండు అంచుల్లో పడతారు, ఒకరు మధ్యలో పడతారు. అంచున ఉన్నవాళ్ళని ఫ్లాంక్ అంటారు, మధ్యలో ఉన్నవాళ్ళని పాకెట్ అంటారు. ఆట మొదలైన పది నిమిషాల ప్రాంతంలోనే గుర్రాలో విల్లులో వేసుకుని అవతలివాళ్ళు మీద పడటమే రష్. అది ముందు తగిలేది అంచులకి.

మా జట్టులో ఒక అంచు మావారిది, రెండో అంచు మా తమ్ముడిది. మధ్యలో నేను. కాబట్టి ఈ తగువు వాళ్ళిద్దరిదే అయినా అందులో నలిగేది నేనే. ఒకరి మీద రష్ పడినప్పుడు పాకెట్ పరిగెత్తుకెళ్ళాలా, తన పని తను చూసుకోవాలా?

మావారు ఇంజనీరింగ్ హాస్టల్లో, గదిలోంచి గదిలోకి ల్యాన్ కేబుళ్ళు లాక్కుని ఆడిన తరం. తమ్ముడు ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ర్యాంకు కోసం ఆడి రాటుదేలినవాడు. వాడు సెలవుకి ఇంటికొచ్చిన ఒక ఆదివారం జరిగిన సంభాషణ ఇది. నేను ఊరుకోలేక కల్పించుకున్నవి బ్రాకెట్లలో ఉన్నాయి.

మావారు: మొన్న ఆటలో నేను పన్నెండు కొట్టాను. ఒకసారి కాదు, వేలు నొప్పెట్టేదాకా కొట్టాను. ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

(చాట్‌లో ఒక అంకె కొట్టి ఎంటర్ నొక్కితే ఆట ఒక కేక వినిపిస్తుంది. 3 కొడితే తిండి అడిగినట్టు, 4 కొడితే కట్టె, 5 బంగారం, 6 రాయి. 11 ఎగతాళి నవ్వు. 12 కొడితే నా మీద పడ్డారు బాబోయ్ అని అరిచినట్టు. పక్క గదిలో పాప పడుకుని ఉంటుంది కాబట్టి రాత్రిళ్ళు మా ఇంట్లో నోరెత్తే వీల్లేదు. ఉన్నవి ఆ అంకెలే.)

తమ్ముడు: పన్నెండు వినబడింది బావా. మమ్మల్ని ఏం చెయ్యమంటున్నారో వినబడలేదు.

మావారు: అది కూడా చెప్పాలా? ఇల్లు తగలబడుతోందని అరిస్తే బిందెలు పట్టుకు రండని మళ్ళీ వేరే అరవాలా?

తమ్ముడు: బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో చూశారా? అప్పటికి అక్క దగ్గర ఒక్క సైనికుడు లేడు. స్టేబుల్ ఉంది, అంతే. స్కౌట్ గుర్రం ఒక్కోటి తియ్యడానికి 30 సెకన్లు. నాలుగు కావాలంటే రెండు నిమిషాలు, 320 తిండి. ఆ తర్వాత మీ ఊరిదాకా ప్రయాణం. మీ మీద పడ్డవాడు అంతసేపు చేతులు కట్టుకుని కూచుంటాడా?

మావారు: ఆలస్యంగానైనా వచ్చేవి కదా.

తమ్ముడు: వచ్చేవి. వాటిని చూసి వాడు వెనక్కి తగ్గేవాడు, మీరు అమ్మయ్య అనుకునేవారు. కానీ ఆ 320 ఎక్కడిది? క్యాజిల్ ఏజ్‌కి వెళ్ళడానికి అక్క కూడబెడుతున్న 800 తిండిలోది. అక్క నైట్లు ఆలస్యమవుతాయి, అవతలి పాకెట్ నైట్లు వేళకి దిగుతాయి. అప్పుడు మీరూ పోతారు, నేనూ పోతాను.

(డార్క్, ఫ్యూడల్, క్యాజిల్ అంటూ ఆటలో ఊరు ఒక్కో ఏజ్ దాటుతుంది. క్యాజిల్ ఏజ్‌లో వచ్చే బరువైన గుర్రపు సైనికులే నైట్లు.)

మావారు: నీ మాట వింటే నా చావు జట్టుకి లాభమన్నట్టుంది.

తమ్ముడు: చావమనలేదు, కుంటుతూ బతకమంటున్నాను. కుంటుతున్నవాడు ఇరవయ్యో నిమిషానికి పనికొస్తాడు.

మావారు: ఒరే, హాస్టల్లో మేం స్టార్‌క్రాఫ్ట్ బ్రూడ్ వార్ కూడా ఆడేవాళ్ళం. ఇద్దరికి ఇద్దరు. అవతల ఇద్దరూ జెర్గ్ తీసుకుని, ఇద్దరూ కూడబలుక్కుని ఒక్కడి మీదకే జెర్గ్‌లింగుల్ని తోలేవాళ్ళు. 50 మినరల్స్ పెడితే రెండేసి పుట్టుకొస్తాయి. పక్కవాడు ఉన్నదంతా వదిలేసి పరిగెత్తుకు రాకపోతే ఒకడు సాఫు. ఇక మిగిలినవాడు ఆట పొడుగునా ఇద్దరితో కొట్లాడాలి. జట్టు ఆట అంటే ఏమిటో నాకు అక్కడ ఒంటబట్టింది.

తమ్ముడు: అక్కడ మీరన్నది అక్షరాలా నిజం. ఎందుకంటే అక్కడ కమాండ్ సెంటర్ బాణాలు వెయ్యదు, నెక్సస్ కూడా వెయ్యదు. ఇక్కడ టౌన్ సెంటర్ వేస్తుంది. 15 మంది లోపల దాక్కోవచ్చు, దాక్కున్నకొద్దీ బాణాలు పెరుగుతాయి. ముగ్గురు మిలీషియాతోనో అయిదు గుర్రాలతోనో టౌన్ సెంటర్ని కూల్చినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు. ఆ ఆటలో రష్ పడితే మనిషే పోతాడు. ఈ ఆటలో పని ఆగుతుంది. రెంటికీ ఒకే మందు ఎలా వేస్తారు?

(మొత్తం తగువులో నాకు బాగా నచ్చిన మాట ఇది. రష్ అనగానే అన్ని ఆటలకీ కలిపి ఒకే సలహా చెప్పేవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఊరిని కాచేది సైన్యమేనా, ఊరు తనను తాను కాచుకోగలదా అన్నది ముందు తేలితే పక్కవాడు పరిగెత్తాలా వద్దా అన్నది సగం తేలినట్టే.)

మావారు: పని ఆగడం చిన్న విషయమా? మొన్న నాకు క్యాజిల్ ఏజ్ ముఖం చూసేసరికి అరగంట అయింది.

తమ్ముడు: అందులో సగం మీ చేతులారా చేసుకున్నది. గంట కొట్టారు.

(గంట మీట నొక్కితే ఊళ్ళో పనిచేసేవాళ్ళందరూ ఎక్కడి పని అక్కడ పడేసి దాక్కోవడానికి పరిగెడతారు.)

మావారు: కొట్టక? కట్టెల దగ్గర నలుగురు చచ్చారు.

తమ్ముడు: కట్టెల దగ్గరికి గుర్రాలొస్తే పొలాల్లో ఉన్నవాళ్ళు ఎందుకు పరిగెత్తాలి? బంగారం తవ్వేవాళ్ళు ఎందుకు పరిగెత్తాలి? మీకప్పుడు 25 మంది. మనిషి నిమిషానికి సుమారు 20 చొప్పున తెస్తాడు. అందరినీ ఒక్క నిమిషం ఆపితే 500 పోయినట్టు. అంటే డార్క్ ఏజ్ నుంచి ఫ్యూడల్‌కి మీరు పెట్టిన ఖర్చంత. పైగా లోపల 15 మందికే చోటు. మిగతా పదిమంది గుమ్మం ముందు తచ్చాడుతూ దెబ్బలు తిన్నారు.

మావారు: చెప్పడం తేలిక. అక్కడుండి చూడు.

తమ్ముడు: చూద్దాం రండి. రికార్డింగ్ ఉంది. ఇదిగో, ఇక్కడ ఆపాను. పది నిమిషాలు దాటింది. అడుగున కుడివైపు నీలం గుర్రాలు అయిదు వస్తున్నాయి, కనబడుతున్నాయా? మీ కట్టెలవాళ్ళు ఎనిమిది మంది. ఈ లంబర్ క్యాంపుకీ చెట్లకీ మధ్య సందు చూడండి, రెండు గడుల వెడల్పు. అందులోకి ఎనిమిది మందినీ తోసేసి ఈ చివర ఒక ఇల్లు, ఆ చివర రెండు కర్ర గోడలు మొదలుపెడితే గుర్రాలు బయట చక్కర్లు కొడతాయి. లోపలివాళ్ళు కట్టె కొడుతూనే ఉంటారు. ఈలోపు బ్యారక్స్‌లో ఇద్దరు ఈటెవాళ్ళు. ఒక్కొక్కడికి 35 తిండి, 25 కట్టె, 22 సెకన్లు. గుర్రాల ప్రాణం పెంచే బ్లడ్‌లైన్స్ చేయించని స్కౌట్ మూడు పోట్లకి పడిపోతుంది. ఆ ఇద్దరూ కట్టెల దగ్గర నిలబడితే చాలు, గుర్రాలు అటు రావు.

మావారు: లూమ్ మాట ఎత్తవేం? అది నేను చేయించాను.

తమ్ముడు: చేయించారు, వాళ్ళొచ్చాక. 50 బంగారం, 25 సెకన్లు. ఒక కొత్త విలేజర్ పుట్టడానికి పట్టేంత సేపే. దానితో మనిషి ప్రాణం 25 నుంచి 40కి పెరుగుతుంది. ముందే చేయించి ఉంటే ఆ నలుగురిలో ఇద్దరు బతికేవాళ్ళేమో.

మావారు: సరే, ఇప్పుడు నా మాట విను. నీ వేళ్ళకి ఇరవయ్యేళ్ళు. నావి పొద్దుట్నించీ ఆఫీసులో ఎక్సెల్ షీట్లు లాగి వచ్చిన వేళ్ళు. ఎనిమిది మందినే ఎంచుకోవాలి, సందులోకి తొయ్యాలి, ఇల్లు మొదలుపెట్టాలి, గోడ వెయ్యాలి, ఈటెవాళ్ళని తియ్యాలి, టౌన్ సెంటర్లో పుట్టే మనిషి ఆగకూడదు. ఇవన్నీ గుర్రం నాలుగంగలు వేసేలోపు జరగాలి. గంట అయితే ఒక్క మీట. అందుకే నా చెయ్యి దాని మీదకే పోతుంది. నువ్వు చెప్పేది నీలాంటివాళ్ళు ముగ్గురున్న జట్టుకి. మన జట్టులో నెమ్మది చెయ్యి ఒకటుంది. వ్యూహం దానికి సరిపోవాలి.

తమ్ముడు: నెమ్మది చెయ్యని ముందే తెలిస్తే ముందే గోడ కట్టుకోవాలి కదా.

(ఇక్కడ నేను మావారి పక్షం. ఆట గురించి పాఠాలు చెప్పేవాళ్ళందరూ చెయ్యి తిరిగినవాళ్ళే. వాళ్ళకి ఒక క్షణంలో అయ్యే పని మిగతావాళ్ళకి ఎంతలో అవుతుందో వాళ్ళ ఊహకి అందదు. జట్టులో ఒక్కొక్కరికీ ఎంత సాయం కావాలన్నది వాళ్ళ చేతిని బట్టి తేలాలి. వాడి బాధ వాడే పడాలన్న సూత్రం తమ్ముడికి బాగానే ఉంటుంది, వాడి చెయ్యి అలాంటిది.)

మావారు: గోడ కడితే నవ్వేదెవరు? అరేబియాని బావ అడవుల మ్యాపు బ్లాక్ ఫారెస్ట్ చేశాడని పోయినసారి అన్నావు. హాస్టల్లో మాకు ఒక ఒప్పందం ఉండేది. ఇరవై నిమిషాలదాకా ఎవరూ ఎవరి జోలికీ పోకూడదు. హాయిగా ఉండేది.

తమ్ముడు: ఇరవై నిమిషాలు వ్యవసాయం చేసుకోవడం కూడా ఆటేనా బావా?

మావారు: ఎందుకు కాదు? ఇప్పుడు ఆటలోనే ట్రీటీ అని సెట్టింగు పెట్టారు, మేమేదో పిరికివాళ్ళమని కాదు. ఎనిమిది మందిమి పరీక్షలకీ ల్యాబులకీ మధ్య వీలు చూసుకుని కూచునేవాళ్ళం. మొదట్లోనే ఒకణ్ణి లేపేస్తే వాడు మిగతా గంటన్నర పక్కవాడి మానిటర్లోకి తొంగిచూస్తూ కూచోవాలి. మరుసటి వారం వాడు రాడు. ఏడుగురితో జట్లు కుదరవు.

తమ్ముడు: అది ఒప్పుకుంటాను. కానీ ర్యాంకు ఆటలో అవతలివాడు మీ హాస్టల్ మేటు కాదు, వాడితో ఒప్పందం ఎవరు రాస్తారు? గోడ కట్టండి, నేను నవ్వను. కట్టాక అటువైపు చూడ్డం మాత్రం మానకండి. నలుగురు దాన్ని కొడుతుంటే మీరు గొర్రెల దగ్గర ఉంటారు. అన్నట్టు మీరు తీసుకునే ద్రవిడులు ఈ పనికి బాగానే సరిపోతారు.

(2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో గుర్జరులు, బెంగాలీలతో పాటు ద్రవిడులనీ పెట్టారు. అప్పట్నించీ మావారికి వేరే దేశం పట్టదు. మనవాళ్ళు అంటారు. ఆయన ఎంపికలో అభిమానం తప్ప వేరే ఆలోచన ఉందని నేననుకోను.)

తమ్ముడు: నవ్వకక్కా, నిజంగానే చెబుతున్నా. ఏజ్ మారినప్పుడల్లా వాళ్ళకి 200 కట్టె ఊరికే వస్తుంది. ఫ్యూడల్‌లో అడుగుపెట్టగానే దానితో ఒక ఆర్చరీ రేంజ్ లేపేసి, మిగిలింది గోడకి పెట్టొచ్చు. వాళ్ళ స్కర్మిషర్లు మామూలువాళ్ళ కంటే 25 శాతం వేగంగా బల్లేలు విసురుతారు. ఆర్చర్లు వస్తే బావ గంట కొట్టక్కర్లేదు.

మావారు: విన్నావా? ఇన్నాళ్ళకి మనవాళ్ళ గొప్ప ఒప్పుకున్నాడు. ఇంతకీ ఆర్చర్లంటే గుర్తొచ్చింది. రికార్డింగ్ గుర్రాల దగ్గరే ఆపావు. ఇంకాస్త నడిపించు.

తమ్ముడు: దేనికి?

మావారు: నడిపించు, చెబుతా. ఆ, అదిగో, పైనుంచి వస్తున్నారు చూడు. ఎవరు వాళ్ళు?

తమ్ముడు: పసుపు ఆర్చర్లు. ఆరుగురు. వీళ్ళు మీ మీదకే వచ్చారా?

మావారు: మరి పెళ్ళికొచ్చారా? ఒకవైపు నీలం గుర్రాలు, ఒకవైపు పసుపు ఆర్చర్లు. నువ్వు చెప్పినట్టు ఈటెవాళ్ళని తీస్తే ఆర్చర్లు దూరంనించి కొట్టి చంపుతారు. స్కర్మిషర్లని తీస్తే గుర్రాలు తొక్కేస్తాయి. ఇప్పుడు చెప్పు, కుంటుతూ బతకడం ఎలాగో.

తమ్ముడు: ఇద్దరొచ్చారని చెప్పలేదే!

మావారు: పన్నెండు కొట్టాను.

(నవ్వొచ్చింది కానీ, ఇద్దరూ అసలు సంగతి ఇక్కడ తొక్కారు. ఆ రాత్రి నా తెరమీద పన్నెండు అన్న కేక తప్ప ఏమీ లేదు. ఒక్కడొచ్చినా ఇద్దరొచ్చినా ఆ కేక ఒకటే. దాన్ని బట్టి నేను వెళ్తే గుడ్డిగా వెళ్ళినట్టు, ఆగితే గుడ్డిగా ఆగినట్టు. నేను వెళ్ళాలా వద్దా అని వీళ్ళు గంటనుంచి కొట్టుకుంటున్నారు, నాకు కావలసింది మాత్రం నాలుగు ముక్కలు. ఏ రంగు, ఏ రకం, ఎన్ని, ఎక్కడ. రంగు తెలిస్తే వచ్చింది వాళ్ళ ఫ్లాంకో పాకెట్టో తెలుస్తుంది. రకం తెలిస్తే నేను గుర్రాలు తియ్యాలో ఈటెవాళ్ళని తియ్యాలో తెలుస్తుంది. ఎక్కడన్నది రాయక్కర్లేదు, ఫ్లేర్ వేస్తే మ్యాపులో మెరుస్తుంది. నీలం గుర్రాలు 5, ఒక ఫ్లేర్. అంతే కదా, గంట మీట నొక్కినంత పని. అన్నాను ఈ మాట.)

మావారు: గుర్రాలు మీద పడుతుంటే టైపు చెయ్యమంటావా?

తమ్ముడు: మీద పడ్డాక వద్దు, వచ్చేటప్పుడే చెయ్యండి. మీ మొదటి స్కౌట్ ఎక్కడుంది? గొర్రెలు దొరికాక మీ ఊళ్ళోనే నిలబెట్టేశారు. దాన్ని వాళ్ళ ఊరి చివర ఒకసారి తిప్పి ఉంటే స్టేబుల్ కనబడేది, పక్కవాడి రేంజ్ కనబడేది. నిమిషం ముందు తెలిసేది. అక్కకి ఆ నిమిషమే నాలుగు గుర్రాల్లో రెండు.

మావారు: తెలిసిందే అనుకో. ఇద్దరని మీ అక్కకి తెలిస్తే అప్పుడు రావాలా వద్దా?

తమ్ముడు: రావాలి.

మావారు: ఇందాకటినుంచీ వద్దన్నావు!

తమ్ముడు: ఒక్కడొస్తే వద్దన్నాను. నీలంవాడు వాళ్ళ పాకెట్. వాడు గుర్రాల మీద తగలేస్తే వాడి నైట్లూ ఆలస్యమే. అప్పుడు అక్క 320 ఖర్చుపెట్టినా వెనకబడేది లేదు. వాళ్ళ పాకెట్ కదిలితే మన పాకెట్ కదలాలి. వాళ్ళ పాకెట్ ఇంట్లో కూచుని 800 కూడబెడుతుంటే మన పాకెట్ కూడా కూచోవాలి, మీరెన్ని పన్నెండ్లు కొట్టినా సరే.

మావారు: ఒక్కడే వచ్చి నన్ను పీక్కుతింటున్నా?

తమ్ముడు: ఒక్కడే వస్తే వాడూ తినాలిగా. ముగ్గురు మిలీషియా తీసినవాడు కనీసం ముగ్గురు విలేజర్ల తిండి దానిమీద పెట్టాడు, బ్యారక్స్‌కి 175 కట్టె. మీ పని ఆగకపోతే నష్టం వాడిదే.

మావారు: మళ్ళీ అక్కడికే వచ్చావు, పని ఆగకపోతే అని. నాకు ఆగుతుంది రా.

(ఇది చివరిదాకా తెగలేదు. తెగదు కూడా.)

మావారు: పోనీ, ఇద్దరొచ్చారు, మీ అక్క బయల్దేరింది. ఎక్కడికి రావాలి? నా ఊరికే కదా?

తమ్ముడు: మీ ఊరికి దేనికి? నీలంవాడి ఊరికి పోవాలి. వాడి గుర్రాలన్నీ మీ ఇంట్లో ఉన్నాయి. వాడి కట్టెల దగ్గర కాపలా లేదు. నాలుగు గుర్రాలు వాడి పొలాల్లో దిగితే వాడే వెనక్కి లాగుతాడు.

మావారు: లాగకపోతే?

తమ్ముడు: లాగుతాడు. ఎవడైనా లాగుతాడు.

(ఎవడైనా లాగడు. తమ్ముడి స్థాయిలో ఆడేవాళ్ళకి ఊరి మీద ఒక కన్నుంటుంది, దెబ్బ తగలగానే తెలుస్తుంది. మా స్థాయిలో ఆడేవాడు మావారి ఊళ్ళో విలేజర్ల వెంట పడే సంబరంలో తన ఊరు కాలుతున్నా చూడడు. అలాంటివాడికి ఎదురుదాడి భయం పెట్టదు. అప్పుడది రెండు ఊళ్ళనీ సమానంగా నాశనం చేసే పని అవుతుంది. ఆ రాత్రయితే నేను మావారి ఊరికే వెళ్ళి ఉండేదాన్ని. టౌన్ సెంటర్ బాణాలు కూడా మన పక్షాన ఉంటాయి కదా.)

మావారు: ఇంకోటి. ఇద్దరు నా మీద ఉన్నారంటే నీ ఎదుట ఉన్నది ఎర్రవాడొక్కడు. వాడి వెనక సాయమొచ్చేవాడు లేడు. నువ్వేం చేస్తున్నావప్పుడు?

తమ్ముడు: వాణ్ణి కొడుతున్నాను.

మావారు: కొట్టి?

తమ్ముడు: వాడు గోడ కట్టుకున్నాడు.

మావారు: గోడ! ఆహా!

తమ్ముడు: నవ్వండి. అయినా మీరన్నది నిజమే, అక్కడ నేను త్వరగా తేల్చెయ్యాల్సింది. మీ మీద ఇద్దరున్నారని తెలిస్తే ఒక రేంజ్ చోట రెండు పెట్టేవాణ్ణి. తెలియలేదు.

మావారు: పంపడం గురించి ఒక్కముక్క చెప్పు. సైన్యం రాకపోతే పోయె, సరుకైనా పంపొచ్చు కదా. నా కట్టెల దగ్గర గుర్రాలు తిష్టవేశాయి. ఇల్లు కట్టడానికి కూడా కట్టె లేదు. 4 కొట్టాను. అదీ రాలేదు.

తమ్ముడు: ట్రిబ్యూట్ పంపాలంటే మార్కెట్ కావాలి, దానికి 175 కట్టె. పైగా 30 శాతం పన్ను. మీకు వంద చేరాలంటే అక్క 130 వదులుకోవాలి. అంతకంటే శుద్ధ దండగ ఈ ఆటలో లేదు.

మావారు: ఇప్పుడు నా లెక్క విను. క్యాజిల్ ఏజ్‌కి వెళ్ళాలంటే ఫ్యూడల్ కట్టడాలు రెండు ఉండాలా? ఉండాలి. మీ అక్క కట్టే రెండిట్లో ఒకటి ఎప్పుడూ మార్కెట్టే. అంటే ఆ 175 ఎలాగూ పెట్టేదే, నా ఖాతాలో రాయకు. ఇక 30 పోతుంది, ఒప్పుకుంటాను. మీ అక్క ఊళ్ళో వంద కట్టె అంటే ఒక మనిషి నాలుగైదు నిమిషాలు కొట్టేది. మా ఊళ్ళో ఆ వంద ఉంటే నలుగురు ఈటెవాళ్ళకి సరిపోయేది. ఎనిమిది మంది ప్రాణాలు నిలబడేవి. ఎక్కడ ఎక్కువ విలువ?

తమ్ముడు: మార్కెట్ కొంచెం ముందు కట్టాలన్నమాట, బ్లాక్‌స్మిత్ కంటే ముందు.

మావారు: కట్టాలి.

తమ్ముడు: ఊఁ. దీన్ని నేను ఎప్పుడూ ఇలా లెక్కెయ్యలేదు. తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు ఎవడూ ఎవడికీ పంపడు.

(మావారు గెలిచిన లెక్క ఇదొక్కటే, కానీ మంచి లెక్క. గుర్రాలైతే రెండు నిమిషాలూ ప్రయాణమూను. కట్టె పంపితే నొక్కిన క్షణంలో అవతల ఉంటుంది. ముందుగా పడే రష్‌లో అందరికీ కరువయ్యేది సమయమే కాబట్టి, మార్కెట్ నిలబడ్డాక ఆ పన్నుకి నేను వెనకాడను. మార్కెట్ లేవకముందే మీద పడితే మాత్రం ఆయన గోడ, ఆయన ఈటెవాళ్ళు, ఆయన అదృష్టం.)

తమ్ముడు: అయితే ఇదీ ఒప్పందం. రంగు, రకం, ఎన్ని. పన్నెండు బంద్. ఇద్దరొస్తే అక్క వస్తుంది. ఒక్కడొస్తే అక్క కట్టె పంపుతుంది, మనిషి రాదు.

మావారు: ఒక్కడొచ్చినా రావాలి.

తమ్ముడు: బావా!

మావారు: ఈ గొడవంతా ఎందుకు, ఈ పూట నేను పాకెట్ ఆడతాను. మీ అక్క అంచుకి పోతుంది. ఎవరి మీద పడినా నేనే వస్తా, ఎన్ని గుర్రాలని అడగను.

తమ్ముడు: ద్రవిడులతోనా? వాళ్ళకి నైట్లు లేరు. పాకెట్‌లో నైట్లు లేకుండా ఏం చేస్తారు?

మావారు: ఏనుగుల మీద విలుకాళ్ళున్నారు.

తమ్ముడు: ఏనుగులా? అవి నడుచుకుంటూ నా ఊరికి చేరేసరికి నా ఊరుండదు బావా.

మావారు: ఒక్కడొస్తే ఎవరూ రావద్దన్నది నువ్వే కదరా.